శ్రీరాంపూర్‌లో లారీ బేకర్ ఇల్లు కడితే?

ఫోన్‌లో మ్యాప్ తెరవండి. మీ ఊరి మీద పిన్ పెట్టి, చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఓ గుండ్రటి గీత ఊహించుకోండి. పాత లెక్కలో అయిదు మైళ్ళు. ఆ గీత లోపల దొరికే సామానుతోనే ఇల్లు కట్టుకోవాలని ఎవరైనా షరతు పెడితే మీ ఇల్లు ఎలా ఉంటుంది?

మాది శ్రీరాంపూర్. మంచిర్యాల జిల్లాలో సింగరేణి ఊరు. మా గీతలో ఏముందో చూస్తే నాకే నవ్వొచ్చింది. కింద బొగ్గు. పైన ఓపెన్‌కాస్ట్‌లోంచి తీసి పోసిన మట్టి గుట్టలు. ఒక దిక్కు గోదావరి, ఇంకో దిక్కు ఇందారం పొలాలు. గీతను ఇంకో నాలుగైదు కిలోమీటర్లు సాగదీస్తే జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి పవర్ ప్లాంట్, దాని బూడిద. మార్బుల్ ఫ్లోరింగ్, గ్లాస్ రెయిలింగ్ లాంటివి ఎలాగూ లేవు. మంచి ఎర్ర ఇటుక కావాలన్నా మావాళ్ళు చాలామంది పెద్దపల్లి వైపే చూస్తారు.

ఈ ఆట నేను టైంపాస్‌కి ఆడలేదు. బాపు పోయిన ఏడాది గనిలోంచి రిటైర్ అయ్యాడు. ముప్పై ఏళ్ళకు పైగా దిగి ఎక్కిన మనిషి. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి 150 గజాల్లో ఇల్లు మొదలుపెట్టాం. "నువ్వు ఇంజినీరువే గద, నువ్వే చూస్కో" అని నాకు అప్పజెప్పారు. నాది కంప్యూటర్ సైన్స్ అని ఎంత చెప్పినా వినరు. మా దగ్గర బీటెక్ అంటే బీటెకే. అట్లా వెతుకుతుంటే దొరికాడు లారీ బేకర్.

పేరు చూసి నవ్వకండి. మా మేస్త్రీ కూడా "లారీ ఏంది తమ్మీ, ఇసుక లారీనా?" అనే అడిగాడు.

బట్ట ముక్కల చెప్పులు

బేకర్ 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఆర్కిటెక్చర్ చదివాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక తుపాకి పట్టనని, క్వేకర్ల అంబులెన్స్ దళంతో చైనా వెళ్ళి అక్కడ కుష్ఠు రోగులకు సేవ చేశాడు. తిరిగి ఇంగ్లండ్ పోయేటప్పుడు ఓడ కోసం బొంబాయిలో నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. ఆ సమయంలోనే గాంధీని కలిశాడు. గాంధీ కన్ను ముందు పడింది ఆయన కాళ్ళ మీద. చైనాలో చేసుకున్న బట్ట ముక్కల చెప్పులు వేసుకుని ఉన్నాడు బేకర్. అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయట. ఇల్లు అంటే దాని చుట్టూ అయిదు మైళ్ళలో దొరికే వస్తువులతో కట్టుకునేది అని గాంధీ అన్న మాట బేకర్ జీవితాంతం చెప్పుకున్నాడు.

1945లో మళ్ళీ మన దేశం వచ్చాడు, కుష్ఠు రోగుల ఆసుపత్రుల పని మీద. 1948లో కేరళకు చెందిన డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ని పెళ్ళి చేసుకుని, ఇద్దరూ హిమాలయాల్లో పిథోరాగఢ్ దగ్గర పదహారేళ్ళు ఉన్నారు. ఆమె వైద్యం చేసేది, ఆయన కట్టేవాడు. నాకు ఆయన కథలో బాగా నచ్చేది ఈ భాగమే. ఇంగ్లండ్‌లో పుస్తకాల్లో చదివింది అక్కడ పనికిరాలేదు. అక్కడి పల్లెవాళ్ళు రాయి, మట్టి, కట్టెతో కట్టిన ఇళ్ళు మాత్రం చలికి, వానకి, కొండ వాలుకి సరిగ్గా సరిపోయాయి. డిగ్రీ ఉన్నోడు కూర్చుని వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు.

తర్వాత కేరళ. తిరువనంతపురంలో ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ పెట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్ 1970లలో బేకర్ చేతిలో లేచింది. అప్పటి సర్కారు రేట్లతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చులో. గోడలకు ప్లాస్టరింగ్ లేదు. కిటికీల చోట ఇటుకల జాలీలు. చెట్టు అడ్డమొస్తే గోడ వంపు తిరిగింది. పేదల ఇళ్ళు, చర్చిలు, తంపానూర్‌లో మెట్లు లేకుండా గుండ్రంగా పైకి తిరిగే ఇండియన్ కాఫీ హౌస్... వందల కట్టడాలు. 1990లో పద్మశ్రీ ఇచ్చారు. 2007 ఏప్రిల్ 1న, తొంభై ఏళ్ళ వయసులో పోయాడు.

ఆయన పద్ధతి నాకు అర్థమైనంతలో ఒక స్టైల్ కాదు, ఒక అలవాటు. ప్రతి వస్తువునీ "నువ్వు ఇక్కడ ఎందుకున్నావ్?" అని అడగడం. ఒక కిటికీనే తీసుకోండి. ముందు గోడలో బొక్క పెడతాం. దానికి కట్టె ఫ్రేమ్. గాలి రావాలి కాబట్టి తెరుచుకునే రెక్కలు. దొంగ రాకుండా గ్రిల్. దోమ రాకుండా మెష్. ఎండ రాకుండా, పక్కింటోళ్ళు చూడకుండా కర్టెన్. పెట్టిన బొక్కను మూయడానికి అయిదు ఖర్చులు. అదే ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ కడితే వెలుతురు, గాలి వస్తాయి, లోపలున్నది బయటికి కనబడదు, దొంగ దూరడు. దోమ ఒక్కటే దూరుతుంది. ఆ విషయంలో మాత్రం నేను మెష్ పార్టీ.

మంచిర్యాల నుంచి ఉత్తరానికి రైలెక్కితే

అయిదు మైళ్ళ మాట ఎంత నిజమో చూడాలంటే కేరళ దాకా పోనక్కర్లేదు. మంచిర్యాల స్టేషన్‌లో ఉత్తరం వైపు రైలెక్కి బల్లార్షా, చంద్రాపూర్ దాటితే సేవాగ్రామ్ వస్తుంది. మాకు హైదరాబాద్ ఎంత దూరమో అదీ దాదాపు అంతే. 1936లో గాంధీ అక్కడికి వచ్చినప్పుడు పెట్టిన షరతు, తన ఇంటికి వంద రూపాయల కన్నా ఎక్కువ కాకూడదు, ఊళ్ళో దొరికే వస్తువులు, ఊళ్ళో మనుషులే కావాలని. ఇప్పటికీ ఆశ్రమంలో ఆ ఇళ్ళున్నాయి. మట్టి గోడలు, వెదురు, పైన పెంకులు. బాపు కుటీ గోడ మీద మీరాబెన్ మట్టితోనే దిద్దిన తాటి చెట్ల బొమ్మలు.

ఇది మన నేలకు కొత్త విద్యేం కాదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో వెదురు తడికకు మట్టి, పేడ మెత్తి కట్టే గోడ ఇదే సూత్రం. మన పల్లెల్లో నడుమ వాకిలి వదిలి చుట్టూ కట్టిన గూన పెంకుల ఇళ్ళూ ఇదే. మా అవ్వ ఇంట్లో మట్టి గోడ మూరెడు మందం ఉండేది. పగటి ఎండ ఆ గోడ దాటి లోపలికి వచ్చేసరికి రాత్రయ్యేది. అప్పటికి అందరూ వాకిట్లో మంచాలేసుకుని పడుకునేవాళ్ళు. ఇప్పుడు వాకిలి పోయింది, మంచాలు పోయాయి, గోడ సన్నబడింది, ఏసీ వచ్చింది.

"కేరళ స్టైల్" అంటే బేకర్ కాదు

బేకర్ గురించి మాట్లాడగానే మా కజిన్ ఒకడు ఫోన్ తీసి రీల్స్ చూపించాడు. ఏటవాలు కప్పు, ఎర్ర గోడలు, మధ్యలో చిన్న చెరువు, అరటి చెట్టు. "గిట్ల కడుదమన్న." కేరళలో ఏడాదికి మూడు మీటర్ల దాకా వాన పడుతుంది, అందుకే ఆ వాలు కప్పు. మాకు పడేది అందులో మూడో వంతు. మా గొడవ వాన కాదు, మే నెల. 45 డిగ్రీలు దాటడం మామూలే. బేకర్ కట్టిన ఇంటిని తెచ్చి శ్రీరాంపూర్‌లో పెడితే అది బేకర్ చెప్పిన దానికి సరిగ్గా వ్యతిరేకం. వేరేవాళ్ళ కోడ్ కాపీ కొట్టి మన సర్వర్‌లో పెట్టినట్టు. అక్కడ నడిచింది కదా అంటే, అక్కడి కండిషన్లు వేరు.

ఇంకో రకం కాపీ హైదరాబాద్‌లో రోజూ చూస్తాను. పడమటి ఎండకు ఎదురుగా అద్దాల గోడ నిలబెట్టి, లోపల వేడిని తోడెయ్యడానికి కరెంట్ కాలుస్తాం. మే నెలలో మా ఆఫీసులో సగం మంది స్వెట్టర్లు వేసుకుంటారు. అదే హైదరాబాద్‌లో, కొండాపూర్ దగ్గర సీఐఐ-సోహ్రాబ్‌జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ అందుకున్న మొదటి భవనంగా పేరు. వడోదరకు చెందిన ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ డిజైన్. గుండ్రటి కట్టడం, నడుమ వాకిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు, కప్పు మీద గడ్డి. చూస్తే మీకే తెలుస్తుంది, అందులో కొత్తవాటి కన్నా పాతవే ఎక్కువ. మన భవంతి ఇళ్ళకు, కోటలకు ఉన్నవే. సర్టిఫికెట్ మాత్రం విదేశానిది. నాకు సర్టిఫికెట్ మీద కోపం లేదు, కానీ 150 గజాల వాడికి అది పనికిరాదు. వాడికి కావాల్సింది ఎండ ఎటునుంచి వస్తుందో తెలియడం.

సూర్యుడు నెత్తి మీదికి వచ్చే రోజు

ఈ లెక్క నేను చేసి చూశాను, మీ ఊరికీ చేసుకోవచ్చు. శ్రీరాంపూర్ అక్షాంశం 19 డిగ్రీలకు కాస్త తక్కువ. అంటే మే నెల మధ్యలో ఓ రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. కర్ర నిలబెడితే నీడ కనబడదు. అంటే ఏడాదిలో అత్యంత వేడి రోజుల్లో మన దక్షిణం గోడ మీద మధ్యాహ్నం ఎండే పడదు. పడేది కప్పు మీద. పొద్దున తూర్పు గోడ మీద, సాయంత్రం పడమటి గోడ మీద.

కాబట్టి మా ఇంటికి శత్రువులు ఇద్దరే: స్లాబ్, పడమటి గోడ. ఇది తెలిశాక సగం నిర్ణయాలు వాటంతటవే అయిపోయాయి. పడమర వైపు బెడ్రూం పెట్టొద్దు, మెట్లు, బాత్రూం, సామాన్ల గది పెట్టాలి. కిటికీలు ఉత్తరం, దక్షిణం. వాస్తు చూసే పెద్దమనిషి దీంట్లో సగం ఒప్పుకున్నాడు, సగానికి మొహం చిట్లించాడు. నైరుతిలో మాస్టర్ బెడ్రూం ఉండాల్సిందేనట. సరే, ఉంచాం. ఆ ఒక్క గది పడమటి గోడను ఎట్లా కాపాడాలన్నది తర్వాతి తలనొప్పి.

కప్పుకి అందరూ చేయగలిగిన పని సున్నం. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 వరకు. సర్కారు భవనాలకు తప్పనిసరి. ఇళ్ళల్లో 600 గజాలు, ఆపై స్థలాల్లో కట్టేవాటికి తప్పనిసరి, మిగతావాళ్ళకు ఇష్టం. మా కాలనీల్లో 600 గజాలున్నోళ్ళు ఎంతమంది? రేకుల ఇళ్ళల్లో ఉడికిపోయేవాళ్ళది 60 గజాలు. పాలసీ మంచిదే. అవసరమున్న కప్పు దాకా అది రాలేదు.

బూడిద గోడ

ఇప్పుడు అసలు సంగతి. బేకర్ అంటే ఎర్ర ఇటుక గుర్తొస్తుంది. కానీ శ్రీరాంపూర్‌లో నిలబడి ఆయన ప్రశ్న అడిగితే జవాబు ఎర్ర ఇటుక కాదని నా అభిప్రాయం.

ఎర్ర ఇటుక అంటే పొలం పైమట్టి. అది తవ్వి, అచ్చు పోసి, కాల్చాలి. మా పక్క జిల్లా పెద్దపల్లి బట్టీల్లో ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి, పిల్లలతో సహా బట్టీ పక్కనే ఆరు నెలలు బతుకుతాయి. ఆ ఇటుక చూడ్డానికి బాగుంటుంది, దాని లెక్క మాత్రం అంత అందంగా ఉండదు. బేకర్ కూడా తర్వాత్తర్వాత కాల్చిన ఇటుక మింగే కట్టెల గురించి ఆలోచించి, మట్టి ఇళ్ళ వైపు మళ్ళాడు, మట్టి మీద చిన్న పుస్తకం కూడా వేశాడు.

మా దగ్గర ఊరికే పడి ఉన్నది బూడిద. మన దేశపు బొగ్గు వంద కిలోలు కాలిస్తే ముప్పై నుంచి నలభై కిలోల బూడిద మిగులుతుంది. జైపూర్‌లో 1200 మెగావాట్లు, గోదావరి అవతల రామగుండం ఎన్టీపీసీలో 2600. రోజూ ఎంత బూడిదో ఊహించుకోండి. చెరువుల్లో నింపాలి, లేకపోతే గాలికి లేస్తుంది. 1999లోనే కేంద్రం ఫ్లైయాష్ వాడకం మీద నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత సవరిస్తూ వచ్చి, ఇప్పుడు థర్మల్ ప్లాంట్‌కు 300 కిలోమీటర్ల లోపు కట్టడాల్లో బూడిద ఇటుకల్లాంటివి వాడాలని నియమం. మా నుంచి 300 అంటే హైదరాబాద్ కూడా లోపలే.

బూడిద ఇటుకను కాల్చరు. బూడిద, క్రషర్ డస్ట్, కొంచెం సిమెంట్ లేదా సున్నం-జిప్సం కలిపి మిషన్‌లో ఒత్తి, నీళ్ళతో క్యూరింగ్ చేస్తారు. సరిగ్గా చేసినదానికి అంచులు కొలిచినట్టు ఉంటాయి. సరిగ్గా చేయనిది చేతిలోనే రాలుతుంది. ఆర్డర్ తొందరలో క్యూరింగ్ పూర్తి కాకుండానే ట్రాక్టర్ ఎక్కించేవాళ్ళున్నారు. తెలుసుకోవడం కష్టం కాదు. పొడి ఇటుకను తూకం వేయండి. ఒక రోజంతా నీళ్ళలో ముంచి తీసి మళ్ళీ తూకం వేయండి. బరువు అయిదో వంతు కన్నా ఎక్కువ పెరిగితే ఆ ఇటుక వద్దు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. మూడు చోట్ల తెచ్చిన ఇటుకలు మా వాకిట్లో బకెట్లలో మునిగి ఉంటే, పాలు పోసే అతను "ఏం ప్రయోగం సార్ ఇది" అని నవ్వుకుంటూ పోయాడు.

బాపుకి బూడిద ఇటుక అనగానే మొహం మారింది. "బొగ్గు తవ్వి తవ్వి నా బతుకంత పాయె. ఇంట్ల గూడ బూడిదేనా బిడ్డా?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. రెండ్రోజుల తర్వాత ఆయనే, "జైపూర్‌ల కాలేది మనం తీసిన బొగ్గే గదా" అన్నాడు, ఎవరితోనో ఫోన్‌లో. అంతకు మించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

పడమటి గోడ దగ్గర బేకర్ బాగా పనికొచ్చాడు. ఆయన ఎక్కువగా వాడిన కట్టుబడి పేరు ర్యాట్ ట్రాప్ బాండ్, అంటే ఎలుకబోను కట్టు. మామూలుగా ఇటుకను పండబెట్టి పేరుస్తాం. ఇందులో నిలువు అంచు మీద నిలబెడతారు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో మూడంగుళాల ఖాళీ, అక్కడక్కడా రెండింటినీ కలుపుతూ అడ్డ ఇటుక. పై నుంచి చూస్తే బోను గదుల్లా కనబడుతుంది. గోడ మందం అదే తొమ్మిది అంగుళాలు. ఇటుకలు పావు వంతు దాకా తగ్గుతాయి, మాల్ ఇంకా తగ్గుతుంది. లోపల చిక్కుకున్న గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. కరెంటు పైపులు ఆ ఖాళీలోంచే పోతాయి, కట్టిన గోడను మళ్ళీ ఉలితో చెక్కే పని ఉండదు. ఇటుకలన్నీ ఒకే సైజులో ఉంటేనే ఈ కట్టు కుదురుతుంది కాబట్టి బూడిద ఇటుక దీనికి సరిజోడి.

మేస్త్రీ మాత్రం ఒప్పుకోలేదు. "ఇటుకను పండవెట్టాలె తమ్మీ, నిలవెట్టుడేంది? రేపు గోడ పడితే నా పేరు పోతది." ఆయన భయంలో న్యాయముంది. వీడియో చూపిస్తే, "గది మలయాళపోళ్ళ పని, మనది గాదు" అన్నాడు. చివరికి కాంపౌండ్ గోడ మూల అయిదు వరసలు కట్టి చూద్దామన్నాను. మొదటి రోజు మాల్ అంతా ఖాళీలో పడి వృథా అయింది. రెండో రోజు ఆయనే ఓ చెక్క పట్టీ చెక్కి తెచ్చాడు. దాన్ని ఖాళీ మీద అడ్డం పెట్టి మాల్ వేసి, పట్టీ తీసేస్తే లోపల ఒక్క చుక్క పడటం లేదు. నేను చూసిన ఏ వీడియోలోనూ ఆ పట్టీ లేదు. పిథోరాగఢ్ పల్లెవాళ్ళ దగ్గర బేకర్ కూర్చోవడం అంటే ఏంటో అప్పుడు అర్థమైంది.

గిలాబు లేని ఇల్లు

టెక్నాలజీ గొడవ అక్కడితో తీరింది. అసలు గొడవ ఆ తర్వాత. బేకర్ పద్ధతిలో బాగా ఖర్చు తగ్గేది ప్లాస్టరింగ్ దగ్గర. మన భాషలో గిలాబు. ఇటుక బాగుంటే దాని మీద గిలాబు, దాని మీద లప్పం, దాని మీద రంగు, అయిదేళ్ళకోసారి మళ్ళీ రంగు ఎందుకు? ఇటుకను ఇటుకలా కనబడనివ్వమంటాడు బేకర్. ఆయన దృష్టిలో గిలాబు గోడ అబద్ధం చెప్పడం లాంటిది.

అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "గిలాబు జెయ్యకపోతే పైసలు సరిపోలేదా అంటరు."

ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. గనిలో పని చేసిన మనిషికి ఇల్లంటే నలుగురూ చూసే లెక్క. ఊరంతా ఎలివేషన్ టైల్స్ వేసుకుంటుంటే, బూడిద రంగు గోడ వదిలేసి దాన్ని ఫిలాసఫీ అంటే ఎవరు వింటారు? బేకర్‌ని పేదల ఆర్కిటెక్ట్ అనేవాళ్ళు. ఆయనకు ఆ మాట నచ్చేది కాదు, పొదుపు పేదోడికొక్కడికే ఎందుకు, డబ్బున్నోడు ముందు చేయాలి అనేవాడు. ఆ మాటలో ఎంత బలం ఉందో మా వీధిలో తెలిసింది. మంచిర్యాలలో ఓ పెద్ద డాక్టర్ గిలాబు లేకుండా కట్టుకుంటే తెల్లారి నుంచి అది ఫ్యాషన్. రిటైరైన కార్మికుడు కడితే అప్పు.

మేం రాజీ పడ్డాం. రోడ్డు వైపు గోడకు గిలాబు, అమ్మ చెప్పిన రంగు. పడమటి గోడ బయట వైపు ఇటుకే కనబడుతుంది, సందుల్లో మాల్ నీటుగా గీసి వదిలేశాం. లోపలి గోడలకు ఒక కోటు గిలాబు, లప్పం లేదు.

గీత లోపల ఉన్నా కుదరనివి

బేకర్ చెప్పినవన్నీ ఇక్కడ నడవవు. ఆయన ఇళ్ళు చాలావరకు గోడల మీదే నిలబడతాయి, పిల్లర్లు ఉండవు. దానివల్ల సిమెంట్, స్టీల్ ఎంతో మిగులుతాయి. కానీ మా కింద అండర్‌గ్రౌండ్ గనులున్నాయి. బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపకపోతే పైన నేల కుంగే ప్రమాదం ఉంటుందని ఇక్కడ చిన్న పిల్లోడికి కూడా తెలుసు. ఓపెన్‌కాస్ట్ దగ్గర బ్లాస్టింగ్ అదురు వేరే. ఈ నేల మీద పిల్లర్లు వద్దనడానికి నాకు ధైర్యం చాలలేదు. స్ట్రక్చరల్ ఇంజినీర్ కూడా వద్దన్నాడు. పిల్లర్లు, బీమ్‌లు వేశాం, ఎలుకబోను గోడ వాటి నడుమ మాత్రమే. నా లెక్కలో ఇది బేకర్‌ని తప్పడం కాదు. స్థలం ఏం చెబుతుందో ముందు వినమన్నది కూడా ఆయనే.

స్థలం మాట వినకపోతే ఏమవుతుందో మంచిర్యాలకు 2022 జూలైలో తెలిసింది. గోదావరి పొంగి, ఒడ్డున కట్టిన మాతా శిశు ఆసుపత్రిలోకి నీళ్ళొచ్చాయి. బాలింతలను, పసిపిల్లలను వేరే చోటికి తరలించాల్సి వచ్చింది. ఆ భవనానికి ఏ ఇటుక వాడారు, సోలార్ పెట్టారా అన్న ప్రశ్నలకు ఆ రోజు అర్థం లేదు.

ఇంకోటి, ఎవరూ మాట్లాడనిది. పట్టా. ఏళ్ళ తరబడి సింగరేణి స్థలాల్లో ఇళ్ళేసుకుని, 76 జీవో కింద పట్టాల కోసం తిరిగిన కుటుంబాలు మా చుట్టూ ఉన్నాయి. ఈ జాగా మనదో కాదో తెలియనప్పుడు యాభై ఏళ్ళ గోడ ఎవరు కడతారు? రేకులేసుకుంటారు. రేకుల కింద మే నెల ఎట్లుంటుందో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. చేతిలో కాగితం ఉంటే ఆ రేకుల జాగాలో చాలావాటికి గోడలు లేచేవి.

స్లాబ్‌లో పెంకులు

ఇక మిగిలింది పెద్ద శత్రువు, స్లాబ్. బేకర్ దీనికి వాడింది ఫిల్లర్ స్లాబ్. సూత్రం తేలికే. స్లాబ్ మీద బరువు పడితే పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. కాంక్రీట్‌కి నొక్కుడు తట్టుకునే బలం ఉంది, సాగుడు తట్టుకునే బలం దాదాపు లేదు. అందుకే కింద సలాకలు వేస్తాం. అంటే కింది భాగంలో సలాకల మధ్యనున్న కాంక్రీట్ పెద్దగా మోసేదేం లేదు, బరువు తప్ప. అక్కడ కాంక్రీట్ బదులు తేలికైన పెంకులు పెడితే సిమెంట్ తగ్గుతుంది, స్లాబ్ బరువు తగ్గుతుంది. రెండు పెంకులు ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే మధ్యలో గాలి చిక్కి వేడి కూడా తగ్గుతుంది. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంట్ నుంచే. అందులో ఎక్కువ భాగం బట్టీ మంట వల్ల కాదు, సున్నపురాయి విడిపోవడం వల్ల. కాబట్టి వాడకం తగ్గించడం తప్ప సులువైన మందు లేదు.

బేకర్ వాడినవి మంగళూరు పెంకులు. వాటినే మనం బెంగుళూరు పెంకులు అంటాం, ఎందుకో ఎవరికీ తెలీదు. పల్లెల్లో పాత ఇళ్ళు కూల్చి స్లాబులు వేస్తున్నారు కాబట్టి గోడల పక్కన కుప్పలు కుప్పలుగా పడి ఉంటాయి. కొత్తవి కొనక్కర్లేదు. కానీ ఇది మేస్త్రీ అంచనాతో చేసే పని కాదు. సలాకల దూరం, పెంకు పెట్టే చోటు, పెట్టకూడని చోటు, బీమ్‌ల దగ్గర పూర్తి కాంక్రీట్ ఎంత ఉండాలి, అన్నీ ఇంజినీర్ గీసిన డ్రాయింగ్‌లో ఉండాలి. బాత్రూం స్లాబ్‌లో అసలు వద్దన్నాడు మా ఇంజినీర్.

మేం హాల్‌కి, నైరుతి బెడ్రూంకి మాత్రమే వేస్తున్నాం. లక్షెట్టిపేట వైపు ఓ ఊళ్ళో కూల్చిన ఇంటి పెంకులు దొరికాయి. బాపు, మేస్త్రీ కలిసి పోయి ఒక్కొక్కటీ కొట్టి చూసి ఏరుకొచ్చారు. పగుళ్ళు ఉన్నవి పక్కన పెట్టి, నాచు గీకి కడిగారు. ఇప్పుడు డ్రమ్ముల్లో నీళ్ళు నింపాలి. స్లాబ్ పోసే ముందు రాత్రి పెంకులన్నీ నానాలి. పొడి పెంకు పెడితే కాంక్రీట్‌లో నీళ్ళు తాగేస్తుంది.